తెలుగు వెబ్‌పుటల అన్వేషణీయత: బ్రౌజర్ పొడగింతలు, మూసలు – నెల్లూరు తీర చరిత్ర నేపథ్యం

వ్యాససంగ్రహం

అంతర్జాలంలో తెలుగు పాఠం కనిపించడం వేరు, వెతికినప్పుడు దొరకడం వేరు. ఈ రెండింటి మధ్య అంతరం ఎలా ఏర్పడిందో, దానిని బ్రౌజర్ పొడగింతలు, వెబ్‌పుటల మూసలు ఎంతవరకు పూడ్చగలిగాయో దుగరాజపట్నం ఉదాహరణతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యూనికోడ్, పద్మ, మూస, దారిమార్పు, శోధనయంత్రం, దుగరాజపట్నం

1. ఉపోద్ఘాతం

ఈస్టిండియా కంపెనీ 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో వర్తకస్థావరం నెలకొల్పింది. కంపెనీ పత్రాలలో దీని పేరు ఆర్మగాన్. ఇక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలానికి అనుమతి సంపాదించిన తరువాత స్థావరం అక్కడికి తరలిపోయింది. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ గ్రామం 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది.

ఈ విధంగా ఒకే ఊరికి రెండు పేర్లు, రెండు జిల్లాలు ఏర్పడ్డాయి. దుగరాజపట్నం, దుగ్గరాజపట్నం, దుగరాజపట్టణం వంటి రూపభేదాలు వీటికి అదనం. బాస్వెల్ రచించిన నెల్లూరు జిల్లా మాన్యువల్ (1873), బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసన సంపుటాలు (1905) ఆంగ్ల వర్ణక్రమంతో వెతికే పరిశోధకునికి అందుబాటులో ఉన్నాయి. ఇదే తీరం గురించి తెలుగులో రాసిన వ్యాసం అదే సులభతతో దొరకాలంటే రచన ప్రామాణికంగా ఉంటే చాలదు, అక్షరసంకేతం కూడా ప్రామాణికంగా ఉండాలి.

2. ఫాంట్ల యుగం

1990ల తొలినాళ్లలో రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి తెలుగును రోమన్ లిపిలో రాసుకునే వీలు కల్పించింది. వెబ్ పత్రికలు వచ్చాక ఒక్కొక్క సంస్థ తన సొంత ఫాంటును వాడింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకృతులను రోమన్ అక్షరాలకు, చిహ్నాలకు కేటాయించిన స్థానాలలో అమర్చేవారు. చదువరి తెరపై తెలుగు కనిపించేది. శోధనయంత్రానికి మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాల వరుస అందేది. ఒక పత్రిక సంకేతం మరో పత్రికకు పొసగదు కాబట్టి ‘నెల్లూరు’ అన్న మాట కూడా సంస్థకొక రూపంలో నిక్షిప్తమయ్యేది.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించింది. అయితే ప్రమాణం ఉండటం వేరు, వాడుకలోకి రావడం వేరు. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు చేరడం, 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని ప్రచారంలోకి రావడం యూనికోడ్ తెలుగు వ్యాప్తికి తోడ్పడ్డాయి.

3. పద్మ: పొడగింత సాధించినది, సాధించలేనిది

తెలుగు వికీపీడియాకు 2003లో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ‘పద్మ’ అనే పొడగింతను రూపొందించారు. వివిధ పత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని ఇది యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ఫాంటు లేని కంప్యూటరులోనూ పత్రిక చదవడం సాధ్యమైంది. చదివిన భాగాన్ని నకలు తీసి భద్రపరచుకోవడమూ సాధ్యమైంది.

దీని పరిమితి దీని పనితీరులోనే ఉంది. మార్పిడి జరిగేది చదువరి బ్రౌజరులో. సర్వరులో ఉన్న మూలపాఠం మారదు. శోధనయంత్రం సేకరించేది ఆ మూలపాఠాన్నే. కనుక పద్మ పఠనసమస్యను పరిష్కరించింది కాని అన్వేషణసమస్యను పరిష్కరించలేదు. పైగా పొడగింత ఆయుష్షు బ్రౌజరు మీద ఆధారపడి ఉంటుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రావడంతో పాత పద్ధతిలో రాసిన పొడగింతలన్నీ అందులో పనిచేయడం మానివేశాయి.

4. మూస: మూలంలో దిద్దుబాటు

మూస ప్రచురణకర్త వైపు పనిచేస్తుంది. పుట తెలుగులో ఉందని తెలిపే భాషాసూచిక, యూనికోడ్‌లో స్పష్టమైన శీర్షిక, రెండు వాక్యాల వివరణ, క్రమబద్ధమైన ఉపశీర్షికలు మూసలో ఒకసారి అమర్చితే ప్రతి పుటకూ వర్తిస్తాయి. మాయోపాయాలకు ఇక్కడ విలువ లేదు. కీలకపదాల మెటా ట్యాగును వెబ్ శోధనలో స్థాననిర్ణయానికి పరిగణించబోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఒక ఊరి పేరును దాచిన ట్యాగులో ఇరవైసార్లు రాయడం కంటే, దాని రూపాంతరాలన్నింటినీ వ్యాసం మొదటి పేరాలో ఒక్కసారి సహజంగా పేర్కొనడం మేలు.

వికీపీడియాలోని ‘దారిమార్పు’ ఇదే సూత్రానికి వ్యవస్థారూపం. ఏ పేరుతో వెతికినా పాఠకుడు ఒకే వ్యాసానికి చేరతాడు. ఆర్మగాన్‌ను దుగరాజపట్నానికి కలపడం సాంకేతికమైన పని మాత్రమే కాదు. రెండు పేర్లూ ఒకే స్థలానివని నిర్ధారించడం చరిత్రకారుని తీర్పు. ఆ తీర్పు లేనిదే యంత్రం ఆ రెండు పేర్లను నమ్మకంగా కలపలేదు.

5. ముగింపు

నేటికీ తెలుగు పరిశోధనవ్యాసాలు సొంత సంకేతాల ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌లుగా వెలువడుతూనే ఉన్నాయి. ముద్రణకు అవి చక్కగా ఉంటాయి. కాని వాటిలోని ఒక్క తెలుగు మాట కూడా తెలుగులో వెతికితే దొరకదు. దొరకని వ్యాసం ఉదహరింపునకు నోచుకోదు. ఉదహరింపులేని చోట తీరప్రాంత చరిత్ర వలసకాలపు ఆంగ్ల గ్రంథాల పేర్లతో, వాటి దృష్టితోనే కొనసాగుతుంది.

పై పరిశీలన నుండి మూడు అంశాలు తేలుతున్నాయి.

1. పొడగింత చదువరికి తోడ్పడుతుంది కాని మూలపాఠాన్ని శోధనకు అందించలేదు.
2. యూనికోడ్ పాఠం లేనిదే ఎంత చక్కని మూస అయినా నిష్ఫలం.
3. స్థలనామాల రూపాంతరాలను నమోదు చేయడం పరిశోధకుని బాధ్యతలో భాగం.

సిద్ధాంతగ్రంథం సమర్పించే ప్రతి పరిశోధకుడు దాని యూనికోడ్ ప్రతిని, స్థలనామసూచికను జతపరచడం ఈ దిశలో తొలి అడుగు కాగలదు.