అవతారమునకు ఉత్తరకథ: రాబోవు ఒక చలనచిత్రమును గూర్చి



నేటి ప్రసంగ విషయము మీలో కొందరికి వింతగా తోపవచ్చును. బాలురకు శబ్దమంజరి చెప్పుచు జీవితము గడపిన బడిపంతులకు, నక్షత్రలోకపు కథగల ఆంగ్ల చలనచిత్రముతో నేమి పని యని మీరడుగవచ్చును. పని యున్నది. ఆ చిత్రము పేరు మనకు పరాయిది కాదు. అందలి కథకు పోలికగల కథ మన నల్లమల కొండలలో తరతరములుగా చెప్పబడుచున్నది. కావున, రాబోవు భాగమును మన మనుమలు చూడబోవుటకు ముందే మనము దానిని గూర్చి కొంత విచారించుట మేలు.

చిత్రము పేరు ‘అవతార్’. దర్శకుడు జేమ్స్ కామెరూన్. మొదటి భాగము 2009 డిసెంబరులోను, రెండవది 2022 డిసెంబరులోను, మూడవది 2025 డిసెంబరులోను వెలువడినవి. ఇవి తెలుగు మాటలతో కూడ ప్రదర్శింపబడినవి. నాలుగవ భాగమును 2029 డిసెంబరులోను, అయిదవదానిని 2031 డిసెంబరులోను విడుదల చేయుదుమని నిర్మాతలు 2023లో ప్రకటించిరి. నాలుగవ భాగమున కథ కొన్ని యేండ్లు ముందునకు సాగుననియు, బాలపాత్రధారులు పెరిగిపోకమునుపే వారి దృశ్యములు కొన్ని చిత్రించి యుంచితిమనియు దర్శకుడు చెప్పియున్నాడు. ఈ చిన్నమాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు పని గలదు.

మొదట శబ్దమును విచారింతము. ‘అవ’ అను ఉపసర్గతో కూడిన ‘తౄ’ ధాతువునుండి అవతార శబ్దము పుట్టినది. క్రిందికి దిగుట యని దాని యర్థము. తీర్థ శబ్దము పుట్టినదియు ఈ ధాతువునుండియే. పైనున్నవాడు క్రిందివారి బాధ తీర్చుటకు దిగివచ్చుటయే అవతారము. చిత్రములో జరుగునది వేరు. మనుష్యుడొకడు పెట్టెలో నిద్రించును. వాని మనస్సు యంత్రబలమున మరియొక దేహములోనికి పోయి సంచరించును. దీనిని మన పెద్దలు పరకాయప్రవేశ మందురు. శంకరులు అమరుక మహారాజు శరీరమున ప్రవేశించిన కథను మీరెరుగుదురు. కాని మొదటి భాగాంతమున ఆ మనుష్యుడు తన పాతదేహమును శాశ్వతముగా విడిచి, ఆ లోకపు వారిలో నొకడై నిలిచిపోవును. అప్పటికిగాని ఆ పేరు సార్థకము కాలేదని నా తలంపు.

ఆ లోకమెక్కడ? కథలో దాని పేరు పండోరా. అది బృహస్పతివంటి మహాగ్రహమునకు ఉపగ్రహము. ఆ గ్రహము తిరుగు నక్షత్రము మాత్రము కల్పితము కాదు. ఆల్ఫా సెంటారీ యని పాశ్చాత్యులు పిలుచు ఆ నక్షత్రమును మీరు మీ పొలముగట్టునుండి చూడవచ్చును. మే నెల నడుమ, రాత్రి పదునొకండు గంటలవేళ, దక్షిణ దిక్కున కొండల అడ్డు లేనిచోట, నేలకు కొంచె మెత్తున రెండు ప్రకాశమానములైన చుక్కలు ప్రక్కప్రక్కన కనబడును. ఎడమవైపున నున్న ఎక్కువ కాంతిగల చుక్కయే అది. మనకు దానికి గల దూరము సుమారు 41 లక్షల కోట్ల కిలోమీటర్లు. అక్కడ బయలుదేరిన వెలుతురు మనలను చేరుటకు నాలుగేండ్లకు పైగా పట్టును. ఆ నక్షత్రకుటుంబములో ఒక మహాగ్రహ ముండవచ్చునన్న సూచనలు గోచరించినవని 2025లో ఖగోళశాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇక కథ. 2154వ సంవత్సరమున భూలోకపు కంపెనీ యొకటి పండోరాలో దొరకు విలువైన ఖనిజమునకై అక్కడ దిగియుండును. ఆ ఖనిజమునకు ఆంగ్లమున పెట్టిన పేరునకు ‘అలభ్యము’ అని యర్థము. దాని పెద్దరాశి యొకటి నావి అను అరణ్యవాసులు నివసించు మహావృక్షము క్రింద నున్నది. కాళ్లు చచ్చుబడిన మాజీ సైనికుడు జేక్ సల్లీ నావి దేహముతో వేగువాడుగా వారిలో చేరును. నాయకుని కుమార్తె నేటిరి వానికి ఆ అడవి భాషను, వేటను, మర్యాదను నేర్పును. వాడు ఆమెను వరించి, తనవారిపైననే తిరుగబడును.

ఈ పోలిక యెచ్చటిదో మీకీపాటికి స్ఫురించియుండును. హిరణ్యకశిపుని సంహరించిన పిమ్మట ఉగ్రుడైన నరసింహుడు అహోబిలపు అడవులలో తిరుగాడుచు చెంచుల ఆడుబిడ్డను చూచి మోహించినాడట. ఆమె వెంటనే లోబడలేదు. కొండలెక్కగలవా, దుంపలు త్రవ్వగలవా, తేనె తీయగలవా యని పరీక్షించినదట. వైకుంఠవాసికి అక్కడ పూర్వపు గౌరవము చెల్లలేదు. అడవిపని నేర్చిన పిదపనే అల్లుడైనాడు. నేటికిని సంక్రాంతి వెళ్లినది మొదలు నలువది దినములకు పైగా అహోబిలస్వామి పల్లెపల్లెకు పారువేటకు వెడలుచున్నాడు. తన పెండ్లికి తానే పిలుపులు చెప్ప వచ్చుచున్నాడని జనులు చెప్పుకొందురు.

మన చలనచిత్ర చరిత్రమును ఈ కథతోనే ముడిపడి యున్నది. తెలుగున మొదటి మాటలాడు చిత్రము 1932లో హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన ‘భక్త ప్రహ్లాద’. 1943లో ‘చెంచులక్ష్మి’ వచ్చెను. 1958లో బి.ఎ. సుబ్బారావుగారు అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవిగార్లతో మరల ‘చెంచులక్ష్మి’ తీసి, ప్రహ్లాదుని కథను, చెంచిత కథను ఒక్కచోట కూర్చిరి. ప్రహ్లాద చరిత్రము పూర్వకథ, చెంచులక్ష్మి ఉత్తరకథ. పూర్వకథలో ప్రశ్న: దుష్టుని ఎవడు వధించును? ఉత్తరకథలో ప్రశ్న: వధించినవాడు పిమ్మట ఎవరితో, ఏ తీరున కాపురము చేయును? యుద్ధము తీర్చలేని ప్రశ్న అది. ఉత్తరకథ యొక్క మంచిచెడ్డలను దానినిబట్టియే నిర్ణయింపవలెను.

కామెరూన్ రెండవ భాగమున ఆ ప్రశ్నను ముట్టినాడు. జేకునకు సంసారము, బిడ్డలు కలిగిరి. వెంటాడు శత్రువులకు భయపడి వారు సముద్రతీరవాసులను ఆశ్రయించిరి. అచ్చట తిమింగిలములవంటి జ్ఞానవంతములైన జీవములను చంపి, వాని మెదడునుండి ముసలితనము నాపు ద్రవమును తీయుదురు. ఆ ద్రవమునకు చిత్రములో నుంచిన పేరు ‘అమృత’! మన క్షీరసాగర మథనమున అమృతము ఉభయపక్షముల శ్రమవలన పుట్టినది. ముందు పుట్టిన విషమును ఒకడు మ్రింగినాడు. ఇచ్చట శ్రమయు, విషమును, మరణమును ఒకరివి, అమృతము మరియొకరిది. ఒక్క పేరుతో దర్శకుడు పెద్దమాటనే చెప్పినాడు. మూడవ భాగమున అగ్నిపర్వతమువలన ఇండ్లు కోల్పోయి, దైవముపై విశ్వాసము విడిచిన బూడిదతెగవారు వత్తురు. అడవివారందరును సాధువులే యను సులభమైన మాటను అతడు అచ్చట విడిచిపెట్టెను. అది మంచిపని.

ఇదంతయు ఆకాశపు ముచ్చట యని త్రోసివేయకుడు. దోర్నాల, యర్రగొండపాలెము, పుల్లలచెరువు ప్రాంతముల చెంచుగూడెములు మనకు కూతవేటు దూరముననే యున్నవి. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. దాని ననుసరించి, కర్నూలు జిల్లాలో నుండిన మన అడవులు సర్కారు అధీనమైనవి. తాతలనాటినుండి తేనె, దుంప తెచ్చుకొనిన చోట చెంచువాడు అనుమతి యడుగవలసిన వాడయ్యెను. 1943లో హైమన్‌డార్ఫ్ పండితుడు చెంచులను గూర్చి గ్రంథము ప్రకటించెను. 1983లో నాగార్జునసాగర్, శ్రీశైలము అడవులు పులుల రక్షణ పథకములో చేరినవి. 2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టము చేసి, అడవిబిడ్డలకు చారిత్రకముగా అన్యాయము జరిగినదని ఆ చట్టపు పీఠికలోనే ఒప్పుకొనెను. కృష్ణకు ఆవల అమరాబాదు అడవులలో యురేనియము వెదకు ప్రతిపాదన రాగా, ప్రజలు ఆందోళనపడిరి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానిని వ్యతిరేకించుచు తీర్మానించెను.

భూమిని త్రవ్వుట యెల్ల పాపమని నేననను. మార్కాపురపు గనుల పలకపై ఓనమాలు దిద్దించి బ్రతికినవాడను నేను. ఆ నల్లరాయి ఎందరికో అక్షరభిక్ష పెట్టినది. అయినను, గనిలో దుమ్ము పీల్చినవాడు పలకతో పాటు నా కండ్లయెదుట మెదలుచునే యుండును. ఎవరి నేల, ఎవరి శ్రమ, ఎవరి నడిగి త్రవ్వితిమి, వచ్చినది ఎవరికి చేరినది అను నాలుగు మాటలు త్రవ్వుటకు ముందే అడుగవలెను.

నాలుగవ భాగము వచ్చిననాడు మీరు గమనింపవలసినది నేనిప్పుడు చెప్పుదును. కథ కొన్ని యేండ్లు ముందునకు సాగినచో ఆ బిడ్డలు పెద్దవారగుదురు. తండ్రి దిగివచ్చినవాడు, తల్లి ఆ నేల బిడ్డ. వారు తండ్రి ఆయుధమును పట్టుదురా, తల్లి అడవిని కాతురా? చిత్రమంతయు మంటలు, విమానములు, యుద్ధములతోనే నిండినయెడల అది పూర్వకథను తిరుగ చెప్పుటయే యగును. ఆ బిడ్డలకు ఆ నేలపై గల బాధ్యతను చూపినయెడల అది నిజమైన ఉత్తరకథ యగును. మరియు, ప్రతిమారును బయటివాడే వచ్చి అడవివారిని ఉద్ధరింపవలెనా, వారిలోనివారే తమ పెద్దరికమును నిలుపుకొందురా యనునదియు చూడుడు. చెంచులక్ష్మి కథలో పెద్దరికము అత్తవారిదే. అల్లుడు దేవుడైనను పరీక్షకు నిలిచినాడు.

మనుమలు ఆ చిత్రమునకు పోదమన్నప్పుడు మీరును పొండు. నీలిదేహులను, ఎగురు జంతువులను చూచి ఆనందింపుడు. ఇంటికి వచ్చినపిదప పిల్లలకు చెంచులక్ష్మి కథను చెప్పుడు. గూడెమునుండి తేనె తెచ్చి అమ్మువారు వాకిట నిలిచినపుడు ‘అన్నా’ యనియో, ‘అమ్మా’ యనియో పిలిచి, కూర్చుండబెట్టి, న్యాయమైన వెల నిచ్చుట నేర్పుడు.