ఇంటి బొంత: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల సాంఘిక చరిత్రలో దానం, వినోదం

సారాంశం

గద్వాల ప్రాంత వస్త్రచరిత్ర అనగానే మగ్గం, పట్టు అంచు, సంస్థాన పోషణ గుర్తుకు వస్తాయి. నేసిన బట్ట చిరిగిన తరువాత ఇంట్లో స్త్రీలు దానికిచ్చిన రెండవ జీవితం ఈ చరిత్రలో చేరలేదు. పాతచీరలను, పంచెలను, దర్జీ మిగిల్చిన ముక్కలను పొరలుగా పేర్చి కుట్టిన బొంతను సాంఘిక చరిత్రకు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశ్యం. బొంతను కేవలం పేదరికపు గుర్తుగా చూడటం వల్ల దానిలోని రెండు అంశాలు మరుగున పడ్డాయి. ఒకటి దానం, రెండవది కుట్టే మనిషి పొందే ఆనందం. పదసంపద, తయారీ విధానం, పొరుగు ప్రాంతాల సంప్రదాయాల ఆధారంగా ఈ వ్యాసం ఆ రెండింటినీ చర్చిస్తుంది.

కీలకపదాలు: బొంత, అతుకు, మాసిక, పొత్తిళ్లు, గద్వాల చీర, పాలమూరు, సాంఘిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబర్ 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ, వనపర్తి సంస్థాన భూములు, కొల్లాపూర్ కేంద్రంగా సాగిన జటప్రోలు సంస్థానం, నల్లమల అంచు ఈ మూడు జిల్లాల్లో ఉన్నాయి. గద్వాల సంస్థానానికి పండిత పోషణ వల్ల ‘విద్వద్గద్వాల’ అన్న పేరు వచ్చింది. నూలు నేతకు పట్టు అంచును మగ్గం మీదే పెనవేసి కలిపే చీర ఆ ఊరి పేరును దేశమంతటా నిలిపింది. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుండి వెళ్లే ‘ఏరువాడ జోడు పంచెలు’ సంస్థాన కాలం నుండి కొనసాగుతున్న ఆచారం. నేతగాళ్లు దీక్ష వహించి వాటిని నేస్తారు. దేవునికి వెళ్లే బట్టకు, రాజు మెచ్చిన బట్టకు, అంగడికెక్కే బట్టకు ఈ ప్రాంత చరిత్రలో స్థానం ఉంది. మాసి, చిరిగి, మెత్తబడి, ఇంటి మూలనున్న మూటలో చేరిన బట్టకు మాత్రం లేదు.

ఈ లోటును గుర్తించడానికి కావలసిన దృష్టిని ఇచ్చినవారు ఈ ప్రాంతం వారే. ఇటిక్యాలపాడు స్వగ్రామంగా గల సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. రాజుల యుద్ధాలకు బదులు ప్రజల తిండి, బట్ట, ఆట, నమ్మకాలను చరిత్రవస్తువుగా గ్రహించి, కావ్యాల్లోని పదాలను, సామెతలను సాక్ష్యాలుగా నిలపడం ఆ గ్రంథ పద్ధతి. శాసనం, దస్తావేజు లేని బొంత విషయంలో ఈ పద్ధతే శరణ్యం.

2. పదాల సాక్ష్యం

సంస్కృతంలో ‘కంథ’ అంటే పేలికలతో కుట్టిన వస్త్రం. సన్న్యాసి, యోగి ధరించే వస్త్రంగా అది ప్రసిద్ధం. వీధిలో దొరికిన పేలికలతో కుట్టిన కంథ ప్రస్తావన ‘భజగోవింద’ స్తోత్రంలో ఉంది. బౌద్ధ భిక్షువుల ‘పాంసుకూల’ చీవరం కూడా పారవేసిన గుడ్డలను ఏరి కుట్టినదే. తెలుగు బొంతది వేరే దారి. అది వైరాగ్యానికి సంకేతం కావడం అరుదు. ఇంటికి, పక్కకు, పసిపిల్లలకు చెందిన వస్తువుగానే అది మన వ్యవహారంలో నిలిచింది.

బొంత చుట్టూ ఉన్న పదాలు ఒక గృహపరిశ్రమ స్వరూపాన్ని చెబుతాయి. ‘పాత’ అన్న మాట విశేషణంగా ‘పాతది’ అనే అర్థమిస్తుంది, నామవాచకంగా గుడ్డపేలికను తెలుపుతుంది. ‘చింకిపాత’ అన్నప్పుడు మనకు వినిపించేది ఈ రెండవ అర్థం. చిరుగు మీద వేసే ముక్క ‘మాసిక’. రెండు ముక్కలు కలిసే చోటు ‘అతుకు’. పొరలు కదలకుండా ముందుగా వేసే దూరపు కుట్లు ‘టాకాలు’. మందమైన పొరలను గుచ్చే పెద్దసూది ‘దబ్బనం’. పసిబిడ్డను చుట్టే మెత్తని బట్ట ‘పొత్తిగుడ్డ’. ‘పొత్తిళ్లలో బిడ్డ’ అని కవిత్వంలోనూ వ్యవహారంలోనూ మనం వాడే మాటకు మూలం ఈ బట్టే. రోమాలు నిండిన పురుగును గొంగళిపురుగు అన్నట్టే తెలంగాణలో బొంతపురుగు అనడం ఉంది. ఇంట్లో నిత్యం కనిపించే వస్తువే ఇలా పోలికకు పనికివస్తుంది.

అయితే సాహిత్య విమర్శలో ఈ పదం గౌరవాన్ని కోల్పోయింది. సొంత ప్రతిపాదన లేని గ్రంథాన్ని, ఇతరుల వాక్యాలతో నింపిన సిద్ధాంతవ్యాసాన్ని ‘అతుకుల బొంత’ అని నిందించడం మనకు అలవాటు. ఈ నింద వెనుక ఒక పొరపాటు ఉంది. బొంత కుట్టడమంటే దొరికిన ముక్కలను తోచినట్టు కలపడమని అది భావిస్తుంది. తయారీని గమనిస్తే ఆ భావన నిలవదు.

3. తయారీ విధానం

బొంతకు మొదటి పని ఏరడం. మూటలోని బట్టల్లో ఏది ఎక్కడ చిరిగింది, ఏ కొంగు ఇంకా గట్టిగా ఉంది, ఏ పంచె నీళ్లకు ఆగదు అన్న పరీక్ష ముందు జరుగుతుంది. చీర సాధారణంగా కూర్చునే చోట, కుచ్చెళ్ల దగ్గర ముందుగా అరుగుతుంది. కొంగు, అంచు ఎక్కువ కాలం నిలుస్తాయి. అందుచేత బలమైన భాగాలు పైపొరకు, అడుగుపొరకు వెళ్తాయి. అరిగిన భాగాలు, చిన్నముక్కలు నడుమ చేరతాయి. ఉతికి ఆరబెట్టిన బట్టలను నేల మీద పరచి, మడతలు రాకుండా లాగి, మూలల మీద రాళ్లు పెట్టి, టాకాలు వేస్తారు. ఆ తరువాత అంచునుండి మొదలుపెట్టి లోపలికి వరుస కుట్లు సాగుతాయి. కుట్టే మనిషి బొంత మీదే కూర్చుంటుంది కనుక ఆమె బరువే బట్టను బిగువుగా ఉంచుతుంది.

వరుసల మధ్య దూరం పెరిగితే నడిమి పొరలు జారి ఉండలు కడతాయి. మరీ దగ్గరైతే బొంత బిరుసెక్కి ఒంటికి ఒదగదు. దారం బిగిస్తే బట్ట ముడుచుకుంటుంది, వదిలేస్తే వేళ్లకు తగులుకుంటుంది. పసిపిల్లల బొంతకు రెండు మూడు మెత్తని పొరలు చాలు. కింద పరచుకునే బొంతకు పొరలు పెరుగుతాయి, దబ్బనం అవసరమవుతుంది. బలం ఎక్కడ, మెత్తదనం ఎక్కడ, పాతదనం ఎక్కడ ఉండాలన్న నిర్ణయం ముందే జరగనిదే బొంత నిలవదు. ఈ దృష్టితో చూస్తే ‘అతుకుల బొంత’ నిందావాక్యంగా తగదు. మంచి బొంతలో ఉన్న అన్వయం ఆ పేరుతో మనం నిందించే గ్రంథాల్లో లేదన్నది అసలు లోపం.

ఈ పని చాలావరకు సేద్యపు పనులు తగ్గిన ఎండాకాలపు మధ్యాహ్నాలకు చెందినది. వసారాలోనో చెట్టునీడనో పరచిన బొంతకు నలువైపులా నలుగురు కూర్చోవచ్చు. పంచుకుని చేయడానికి అనువైన పని కావడం వల్ల మాట, పాట, ఊరి సంగతులు దానితో కలిసి సాగుతాయి.

4. దానం

ఇంట్లో చేరిన పాతబట్టకు మూడు దారులుండేవి. మొదటిది రక్తసంబంధం. కొత్తబట్ట బిరుసుగా ఉంటుందని, పసికందుకు పాతబట్టే మేలని తెలుగు ఇళ్లలో నమ్మకం. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురికి తల్లి, అమ్మమ్మ తమ మెత్తబడిన చీరలతో బొంతలు కుట్టి సిద్ధం చేయడం ఆ నమ్మకం నుండి వచ్చిందే. ఇక్కడ బట్ట విలువ అది ఎంతకాలం ఒంటిమీద ఉన్నదన్న దానిమీద ఆధారపడుతుంది. అంగడిలో ధర తగ్గించే అరుగుదలే ఈ కానుకకు యోగ్యత.

రెండవది అడిగినవారికి ఇవ్వడం. తెల్లవారుజామున డమరుకంతో వచ్చి జోస్యం చెప్పే బుడబుక్కలవారు ప్రతిఫలంగా పాతబట్టలు అడుగుతారు. ఆ కుటుంబాల స్త్రీలు సేకరించిన బట్టలతో బొంతలు కుట్టడంలో నేర్పరులు. ఒక ఇంటి దానం ఇంకొక ఇంటి వృత్తికి ముడిసరుకు అవుతుంది. కొన్నిసార్లు అదే బట్ట బొంతగా మారి ఊరికి తిరిగివస్తుంది. గృహిణి కుట్టిన బొంతను, సంచారవృత్తి కుటుంబం కుట్టిన బొంతను విడదీసి అధ్యయనం చేయడానికి వీలులేదనడానికి ఈ చక్రమే ఆధారం.

మూడవది ప్రయాణం. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు ఈ ప్రాంత కూలీలకు దేశంలోని ఆనకట్టల, కాలువల పనుల వద్ద స్థిరపడింది. వలసకు బయలుదేరే కుటుంబం మూటలో వంటపాత్రలతో పాటు పక్కబట్ట తప్పనిసరి. ఇంటి వద్ద ఉండిపోయే ముసలివారు కుట్టి ఇచ్చిన బొంత గుడిసెలో పరుపుగా, చలికి కప్పుగా, పిల్లకు ఉయ్యాలగా ఉపయోగపడుతుంది. ఇక్కడ దానానికి, అవసరానికి నడుమ గీత గీయడం కష్టం. బొంతను కీర్తించే ఉత్సాహంలో ఈ పేదరికాన్ని మరచిపోవడం చరిత్రకు న్యాయం కాదు. గొంగడి కొనలేని ఇల్లు బొంతతో చలిని కాచుకుంది.

పొరుగున ఉన్న రాయచూరు వైపు కన్నడ సీమలో ఇదే వస్తువు ‘కౌది’, మరాఠీలో ‘గోధడి’. ఉత్తర కర్ణాటకలో తాను పనిచేసిన దేవదాసీ స్త్రీలు మూడువేలమంది తలా ఒక కుట్టు వేసి కానుకగా ఇచ్చిన దుప్పటి గురించి సుధామూర్తి 2017లో వెలువడిన ‘త్రీ థౌజండ్ స్టిచెస్’లో రాశారు. ఏమీ లేనివారు ఇవ్వగలిగిన గౌరవప్రదమైన కానుక తమ చేతికుట్టు అన్న భావం దక్కను అంతటికీ ఉమ్మడిది. అన్షు గుప్తా 1999లో ప్రారంభించిన ‘గూంజ్’ సంస్థ సేకరించిన పాతబట్టలతో ‘సుజని’ బొంతలు కుట్టించడం ఇదే భావానికి నేటి సంస్థాగత రూపం.

5. అవసరానికి మించిన కుట్టు

బొంత కుట్టడంలో ఆనందం ఉన్నదని చెప్పడానికి దస్తావేజు ఎక్కడ? బొంత మీదే ఉంది. పొరలు నిలవడానికి కావలసినన్ని కుట్లు వేసి ఊరుకోవచ్చు. కానీ చాలా బొంతల్లో వరుసలు చతురస్రంలో చతురస్రంగా లోపలికి తిరుగుతాయి, రంగుదారం వాడతారు, నడిమిన పువ్వు వేస్తారు, ఎరుపు పక్కన పసుపు వచ్చేలా ముక్కలు ఎంచుతారు. వీటిలో ఏదీ వెచ్చదనాన్ని పెంచదు. ఈ అవసరానికి మించిన కుట్టును కుట్టే మనిషి తన కోసం వెచ్చించిన కాలంగా గుర్తించాలి. తీరిక ఉన్నవారికే కళ అన్న అభిప్రాయాన్ని ఇది ప్రశ్నిస్తుంది.

బెంగాల్ కంథకు ఈ గుర్తింపు ముందే దక్కింది. గురుసదయ్ దత్ (1882–1941) గ్రామాల్లో సేకరించిన కంథలు కోల్‌కతా సమీపంలోని జోకా మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో మానదాసుందరి దాసి తన తండ్రి కోసం కుట్టిన కంథ ప్రసిద్ధం. అందులో ఆమె తన పేరును కూడా కుట్టింది. స్టెల్లా క్రామ్రిష్ 1939లో కంథపై పరిశోధనవ్యాసం ప్రచురించారు. పాలమూరు బొంతకు లేనిది సేకర్త, వ్యాసకర్త. నేర్పులో లోటు లేదు.

6. క్షీణతకు కారణాలు

బొంత తగ్గిపోవడానికి మిల్లు దుప్పట్లు, రగ్గులు చవకగా దొరకడం ఒక కారణం. బట్ట స్వభావం మారడం అంతకంటే బలమైనది. ఉతికేకొద్దీ మెత్తబడే నూలుచీర స్థానాన్ని పాలిస్టర్ చీర ఆక్రమించింది. అది చిరగదు, మెత్తబడదు, చెమట పీల్చదు. పొర మీద పొర జారిపోవడంతో కుట్టు నిలవదు. పాతబట్టలకు స్టీలు పాత్రలిచ్చే వ్యాపారం వచ్చాక మూటలోని బట్టకు మారకపు విలువ ఏర్పడి అది ఇల్లు దాటింది. గద్వాల చీర నేడు పెట్టెలో భద్రపరచే వస్తువు. దైనందిన వాడుకలో అరిగి బొంతలో చేరే అవకాశం దానికి తక్కువ.

నమోదు లోపం మరొకటి. శ్రీశైలం జలాశయం వల్ల 1980ల ప్రారంభంలో కృష్ణాతీరపు గ్రామాలు మునిగాయి. కూడలి సంగమేశ్వరాలయం అలంపురానికి, జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం కొత్తచోటికి తరలాయి. గుడిని విప్పి తిరిగి నిలబెట్టాలంటే ఏ రాయి ఎక్కడిదో తెలియాలి. ఆ శ్రద్ధ వల్ల గుడులు మిగిలాయి. అదే సమయంలో ఇళ్లు వదిలిన కుటుంబాల మూటల్లోని బొంతల్లో ఏ ముక్క ఎవరిదో చెప్పగలిగినవారు ఆ ఇళ్ల స్త్రీలే. ఆ తరం నేడు వార్ధక్యంలో ఉంది.

7. ఉపసంహారం

గద్వాల మగ్గం నూలును, పట్టును ఒక బట్టగా కలిపింది. ఇంటి సూది చిరిగిన బట్టలను, వాటిని కట్టిన మనుషులను ఒక పక్కగా కలిపింది. మొదటిదాన్ని మాత్రమే చెప్పే వస్త్రచరిత్ర సగం చరిత్ర. ఈ ప్రాంత కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు చేపట్టదగిన పని ఒకటుంది. విద్యార్థి తన ఇంటి బొంతను ఛాయాచిత్రం తీసి ఐదు విషయాలు నమోదు చేయాలి: ఎన్ని పొరలు, ఏ ముక్క ఎవరి బట్ట, కుట్టు ఎటునుండి ఎటు సాగింది, ఎవరికోసం కుట్టారు, కుట్టిన వారు వాడిన మాటలేమిటి. చివరి ప్రశ్న నిఘంటువులకెక్కని మాండలిక పదాలను అందిస్తుంది. కుట్టినవారి పేరు తప్పక రాయాలి. మానదాసుందరి తన పేరు తానే కుట్టుకుంది. మన బొంతల మీద ఆ పేర్లు లేవు, కుట్టిన చేతులు మాత్రం ఇంకా మన ఇళ్లలో ఉన్నాయి.