అరిగే భాగం: రెజిన్ ప్రింటర్ల నలభై ఏళ్ళు, బహ్రెయిన్ తీరం నుంచి

బహ్రెయిన్‌లోని ముహర్రక్ పట్టణపు ముత్యాల వేట వారసత్వాన్ని యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వర్తకుల ఇళ్ళు, పడవలు బయలుదేరిన తీరం, సముద్రం అడుగున ముత్యపు చిప్పలు పెరిగే తావులు అందులో ఉన్నాయి. అయితే ఆ వేట శతాబ్దాలపాటు సాగడానికి కారణమైన ఒక పని ఏ కట్టడంలోనూ కనిపించదు. అది పడవల సంరక్షణ. గల్ఫ్ పడవలను ఒడ్డుకు లాగి, నీటిలో మునిగే భాగానికి సున్నమూ జంతువుల కొవ్వూ కలిపిన పూత పూసేవారు. నీటికి పైనుండే చెక్కకు చేపనూనె పట్టించేవారు. ఆ పూత కొంతకాలానికి అరిగిపోతుందని అందరికీ తెలుసు. పూత అరిగినంతకాలం చెక్క నిలుస్తుంది. అందుకే మళ్ళీ మళ్ళీ పూసేవారు.

1930ల్లో జపాను పెంపకపు ముత్యాలూ ప్రపంచ ఆర్థికమాంద్యమూ కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1932లో చమురు పడింది. 1977లో హిద్ద్ దగ్గర అరబ్ దేశాల ఉమ్మడి ఓడమరమ్మతు కేంద్రం, అస్రీ, పని ప్రారంభించింది. ఐదు లక్షల టన్నుల చమురు ఓడను సైతం నిలపగల పొడిరేవు దానిది. వేరే దేశాల్లో తయారైన ఓడలను బాగుచేయడం ఈ చిన్న ద్వీపానికి ఒక జీవనాధారమైంది.

వేరే చోట తయారైన వస్తువును ఇక్కడి ఎండలో, ఉప్పుగాలిలో నిలబెట్టుకోవడం ఎలా అన్న ఆ పాత ప్రశ్న ఇప్పుడు బల్లమీద పట్టే ఒక చిన్న యంత్రం విషయంలోనూ ఎదురవుతోంది. అది రెజిన్ త్రీడీ ప్రింటర్. నగల పోతకు నమూనాలు తీసేవారు, దంతవైద్యుల ప్రయోగశాలలు, ఇంట్లో బొమ్మలు చేసుకునే ఇంజనీర్లు దీన్ని వాడుతున్నారు. దీని చరిత్రను సాధారణంగా కనిపెట్టినవారి కథగా చెబుతారు. ఈ వ్యాసంలో దాన్ని మరోవైపు నుంచి చూద్దాం: ఒక్కొక్క తరం యంత్రంలో ముందుగా అరిగింది ఏ భాగం? దాన్ని మార్చగలిగింది ఎవరు?

మూడు దేశాలు, ఒక ఆలోచన

అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే ద్రవాన్ని పొరలు పొరలుగా గట్టిపరచి వస్తువును తయారుచేయవచ్చునన్న ఆలోచన కొద్ది సంవత్సరాల తేడాలో మూడు చోట్ల పుట్టింది. జపానులోని నగోయా పురపాలక పారిశ్రామిక పరిశోధన సంస్థలో హిదెయో కొదామా 1980లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1981లో తన ప్రయోగాలను ప్రచురించాడు. దరఖాస్తును చివరిదాకా కొనసాగించలేకపోయాడు. ఫ్రాన్సులో అలాన్ లె మెహొతే, ఒలివియే ద విత్, జాన్-క్లోద్ ఆంద్రే 1984 జులై 16న దరఖాస్తు చేశారు. వ్యాపారపరంగా లాభం కనిపించలేదని సంస్థలు దాన్ని వదిలేశాయి. అమెరికాలో చార్లెస్ హల్ అదే సంవత్సరం ఆగస్టు 8న దరఖాస్తు పెట్టాడు. 1986 మార్చి 11న పేటెంటు వచ్చింది. బల్లల మీది పూతలను అతినీలలోహిత దీపాలతో గట్టిపరచే సంస్థలో అతను పనిచేసేవాడు. త్రీడీ సిస్టమ్స్ అన్న కంపెనీ స్థాపించి, ఈ పద్ధతికి స్టీరియోలితోగ్రఫీ అని పేరు పెట్టాడు.

కొదామా వర్ణించిన అమరికల్లో ఒకటి మన కథకు ముఖ్యం. అందులో కాంతి తొట్టి అడుగునుంచి ఒక ముసుగు గుండా వస్తుంది. గట్టిపడిన వస్తువు పొర పొరకూ పైకి లేస్తుంది. హల్ యంత్రాలు ఆ దారి పట్టలేదు. లేజర్ కిరణం పైనుంచి ద్రవం మీద గీతలు గీసేది. వస్తువు ద్రవంలోకి దిగేది.

ఇంజనీరు వచ్చి మార్చే భాగం

ఆ తొలితరం యంత్రాల ధర లక్ష డాలర్లు దాటేది. చాలావాటిలో హీలియం-కాడ్మియం లేజర్ గొట్టం ఉండేది. కొన్ని వేల గంటలు పనిచేశాక దాని కాంతి క్షీణించేది. కొత్త గొట్టం బిగించి, కిరణాన్ని సరిచేయడం వాడుకదారుడి వల్ల అయ్యే పని కాదు. కంపెనీ ఇంజనీరు రావాలి. అందుకు ఏటా ఒప్పందపు రుసుము కట్టాలి. మోటారుకార్ల కంపెనీలకు, విమానాల తయారీదారులకు అది భారం కాదు. చిన్న కార్ఖానాకు మాత్రం అందని మాట. యంత్రం నమ్మకంగా పనిచేసేది. కాని ఆ నమ్మకం యంత్రంలో ఉన్నంతగా ఒప్పందంలోనూ ఉండేది.

బల్ల మీదికి వచ్చిన యంత్రం

2012లో ఫార్మ్‌ల్యాబ్స్ అన్న అమెరికన్ సంస్థ కిక్‌స్టార్టర్ ద్వారా సుమారు 29 లక్షల డాలర్లు సమకూర్చుకుని, ఫార్మ్ 1 అనే చిన్న ప్రింటర్ తెచ్చింది. బ్లూరే డిస్కుల పుణ్యమా అని చౌక అయిన 405 నానోమీటర్ల లేజర్ డయోడు దానికి ఆధారం. ఆ ఏడాది నవంబరులోనే త్రీడీ సిస్టమ్స్ పేటెంటు వ్యాజ్యం వేసింది. 2014లో రాజీ కుదిరింది.

ఇక్కడ అరిగే చోటు మారింది. కాంతి అడుగునుంచి రావడం వల్ల, గట్టిపడిన ప్రతి పొరనూ తొట్టి అడుగునుంచి ఊడదీయవలసి వచ్చింది. ఆ అడుగున పరచిన సిలికోన్ పొర క్రమేణా మసకబారేది. తొట్టిని మార్చడం వాడుకదారుడికి తేలిక. కాని లేజర్‌ను తిప్పే అద్దాల మీద దుమ్ము చేరితే అది లోపలి సంగతి. విప్పడానికి ధైర్యం కావాలి.

2018 ప్రాంతంలో ఎనీక్యూబిక్, ఆ తర్వాత ఎలెగూ వంటి చైనా కంపెనీలు కొన్ని వందల డాలర్లకే ప్రింటర్లు అమ్మాయి. వీటిలో లేజరూ లేదు, తిరిగే అద్దాలూ లేవు. అడుగున ఎల్‌ఈడీ దీపాలు, వాటిపైన ఎల్‌సీడీ తెర, ఆపైన తొట్టి. తెర మీద ఏ చుక్క తెరుచుకుంటే అక్కడ రెజిన్ గట్టిపడుతుంది. నగోయాలో వర్ణించిన అడుగు ముసుగు దాదాపు నలభై ఏళ్ళకు ఫోన్ తెర రూపంలో తిరిగివచ్చిందన్నమాట.

కానీ ఆ తెరను చేసింది బొమ్మలు చూపించడానికి, అతినీలలోహితానికి దగ్గరి కాంతిని భరించడానికి కాదు. రంగుల వడపోత ఉన్న తొలి తెరలు కాంతిలో కొద్దిభాగమే పైకి వదిలేవి. మిగతాది వేడిగా మారి, కొన్ని వందల గంటల్లోనే తెరను పాడుచేసేది. 2020 ప్రాంతంలో వచ్చిన నలుపుతెలుపు తెరలు ఎక్కువ కాంతిని వదులుతాయి. వాటికి 2,000 గంటల ఆయువని తయారీదారులు చెబుతారు. తెరకు రక్ష తొట్టి అడుగున బిగించిన ఎఫ్‌ఈపీ పొర. ఇది టెఫ్లాన్ జాతికి చెందిన పారదర్శకమైన రేకు. పొర పొరకూ సాగి, ఊడి, కొన్నాళ్ళకు మసకబారి చిల్లులు పడుతుంది. సకాలంలో మార్చకపోతే రెజిన్ కారి తెర మీద గడ్డకడుతుంది. కొన్ని డాలర్ల రేకును అశ్రద్ధ చేస్తే దానికి ఎన్నో రెట్లు ధర ఉన్న తెర పోతుంది. పడవకు సున్నపు పూత చేసిన పనే ఈ రేకూ చేస్తుంది.

2024లో ఫార్మ్‌ల్యాబ్స్ సైతం తన ఫార్మ్ 4లో లేజర్‌ను వదిలి ఎల్‌సీడీకి మారింది. అరిగేదాన్ని దాచడం కంటే సులువుగా మార్చుకోగలిగేలా పెట్టడమే మేలన్న వాదానికి ఇది బలమిచ్చింది.

బహ్రెయిన్ ఎండలో

జులై, ఆగస్టు నెలల్లో ఇక్కడి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. సముద్రపు తేమ సరేసరి. షమాల్ గాలి సన్నని దుమ్మును మోసుకొస్తుంది. రెజిన్ వేడికి పలచనవుతుంది; గట్టిపడే తీరు మారి, చలిగదిలో కుదిరిన లెక్కలు తప్పుతాయి. దీపాలను చల్లబరచవలసిన గాలే వేడిగా ఉంటే తెర ఆయువు తగ్గుతుంది. ఫంకాలో చేరిన దుమ్ము ఆ వేడిని ఇంకా పెంచుతుంది. వేదికను పైకీ కిందికీ నడిపే మరస్తంభం గ్రీజు లేకపోతే ఉప్పుగాలికి తుప్పుపడుతుంది.

ఇక్కడి తెలుగు కుటుంబాలకు పరిచితమైన చిక్కు ఒకటుంది. పిల్లల బడి సెలవులకు నెల రోజులు ఊరికి వెళ్తాం, ఏసీ కట్టేస్తాం. తొట్టిలో రెజిన్ అలాగే ఉండిపోతే రంగుపొడి అడుగుకు దిగుతుంది. కిటికీ వెలుగు సోకితే పైన మీగడ కడుతుంది. తిరిగి వచ్చాక యంత్రం చెడిపోయిందనుకుంటాం. నిజానికి ప్రయాణానికి ముందు రెజిన్‌ను వడకట్టి నల్లసీసాలో పోసి, తొట్టి తుడిచి, మరస్తంభానికి గ్రీజు పెట్టి, యంత్రం మీద గుడ్డ కప్పితే చాలు. రెజిన్ ఒంటికి తగలకుండా చేతితొడుగులు మాత్రం తప్పవు. ఒక రేకు, ఒక తెర ముందే తెచ్చి ఉంచుకోవడం ద్వీపవాసులకు ముందుచూపు.

మార్చే హక్కు

ఈ కథలో చివరి మలుపు చట్టానిది. కొన్ని కంపెనీలు తమ ముడిసరుకు డబ్బాలకు చిప్పులు పెట్టి, వేరేవారి సరుకు పనిచేయకుండా చేశాయి. ఆ తాళాన్ని దాటి వేరే సరుకు వాడుకునేందుకు అమెరికాలో 2015లో షరతులతో మినహాయింపు ఇచ్చారు. 2018లో దాన్ని విస్తరించారు. అంటే వాడుకదారుడు తన యంత్రంలో ఏం పోసుకోవచ్చో తేలడానికి కూడా ప్రభుత్వ నిర్ణయం కావలసి వచ్చింది. కంపెనీ ఇంజనీరు కాలంలో ఒప్పందం చేసిన పనిని ఇప్పుడు చిప్పు చేయగలదు.

కాబట్టి కొనేటప్పుడు చుక్కల సంఖ్యనూ వేగాన్నీ చూడటంతోపాటు మరో మూడు ప్రశ్నలు వేయడం మంచిది. ఇందులో ముందు అరిగేదేమిటి? దాన్ని నేనే మార్చుకోగలనా? కంపెనీ మూతపడినా ఆ భాగం దొరుకుతుందా?

కొదామా, హల్ పేర్లు చరిత్రలో నిలిచాయి, నిలవాలి కూడా. కాని గల్ఫ్‌లో బతుకుతున్న తెలుగువారిలో ఎందరో చేస్తున్నది రెండో రకం పని: ఏసీలు, పంపులు, ఓడలు, శుద్ధికర్మాగారాలు ఆగకుండా చూడటం. ముహర్రక్ పడవలకు సున్నం పూసినవారి పేర్లు మనకు దక్కలేదు. వారి పని మాత్రం ప్రతి వేసవిలో పడవలను క్షేమంగా సముద్రం మీదికి పంపింది.