రేస్ ట్రాకు వాకిట్లో వైద్యుడు: వేగానికి జాగ్రత్త నేర్పిన నూరేళ్ల చరిత్ర

కారును దాని పూర్తి సామర్థ్యంతో నడిపి చూడాలన్న కోరిక యువతలో సహజమైనది. ఆ కోరికను ప్రమాదం లేకుండా తీర్చుకోవడానికి మన దక్షిణాదిలో చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను రేస్ ట్రాకులు ఉన్నాయి. అయితే ట్రాకు మీద శిక్షణకు వెళ్లిన కొత్తవారికి మొదట ఎదురయ్యేది వేగం కాదు, నిబంధనలు. హెల్మెట్ పెట్టుకోవాలి. బెల్టు బిగించుకోవాలి. జెండాల అర్థం నేర్చుకోవాలి. పక్కన శిక్షకుడు కూర్చుంటే అతని మాట వినాలి. అంబులెన్సు సిద్ధంగా లేకుంటే ట్రాకే తెరవరు.

ఇవన్నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లే లాంఛనాలని కొందరు విసుగుపడతారు. ఆ నిబంధనల పుట్టుక తెలిస్తే విసుగు నిలవదు. వాటిలో ప్రతి ఒక్కదాని వెనుక ఒక మరణమో, గాయమో ఉంది. చాలావాటి వెనుక దాన్ని పరిశీలించిన ఒక వైద్యుడు కూడా ఉన్నాడు. అందుకే ఈ చరిత్ర ఆరోగ్య విషయాలు చదివే పాఠకులకు కూడా సంబంధించినదే.

మోటారు పందేల కోసమే నిర్మించిన మొదటి ట్రాకు ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్. అది 1907లో ప్రారంభమైంది. అక్కడి వైద్యాధికారి డాక్టర్ ఎరిక్ గార్డ్‌నర్ 1914 నాటికి ఒక విషయం గమనించాడు. తలకు దెబ్బ తగిలిన మోటారుసైకిలు రౌతులు తన దగ్గరికి పదేపదే వస్తున్నారు. ఆయన చికిత్సతో సరిపెట్టుకోలేదు. గట్టి గుడ్డను లక్కతో బిరుసెక్కించి ఒక శిరస్త్రాణం తయారు చేయించాడు. పెద్ద దెబ్బను తట్టుకునే గట్టిదనం, దేనికైనా తగిలితే జారిపోయే నునుపు దానికి ఉండాలన్నది ఆయన ఆలోచన. పోటీల నిర్వాహకులు మొదట ఒప్పుకోలేదు, తరువాత అంగీకరించారు. ఆ ఏడాది మాన్ దీవిలో జరిగిన ప్రసిద్ధ పోటీలో రౌతులు ఆ శిరస్త్రాణాలు ధరించారు. ప్రతి ఏటా ఆసుపత్రికి వచ్చే తలగాయాల కేసులు ఆ ఏడు కనిపించలేదని అక్కడి వైద్యుడు గార్డ్‌నర్‌కు ఉత్తరం రాశాడు.

అంత స్పష్టమైన ఫలితం కనిపించినా ట్రాకు మీది పాఠం రోడ్డు మీదికి రావడానికి చాలా కాలం పట్టింది. 1935 మే నెలలో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరొందిన టి.ఇ. లారెన్స్ మోటారుసైకిలు మీద నుంచి పడి, ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. నివారించదగిన ఈ మరణం కెయిర్న్స్ మనసులో నాటుకుపోయింది. మోటారుసైకిలు ప్రమాదాలలో తలగాయాల గురించి, హెల్మెట్ ప్రయోజనం గురించి ఆయన 1941లో పరిశోధన వ్యాసం ప్రచురించాడు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం మోటారుసైకిలు మీద సందేశాలు మోసే సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. సాధారణ పౌరులకు ఆ నియమం వచ్చింది మాత్రం 1973లో.

హెల్మెట్ చేసే పని సులభంగానే అర్థమవుతుంది. తల ఒక్కసారిగా ఆగినప్పుడు కపాలం ఆగుతుంది కాని, లోపలి మెదడు ముందుకు సాగి ఎముకకు కొట్టుకుంటుంది. హెల్మెట్ పైచిప్ప దెబ్బను విశాలంగా పరుస్తుంది. లోపలి నురుగు పొర నలిగి, తల ఆగడానికి మరికొన్ని క్షణాంశాలు సంపాదించి పెడుతుంది. ఒకసారి నలిగిన పొర మళ్లీ పనికిరాదు. పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చవలసిందే.

సీటు బెల్టు కథ ఇంకా విచిత్రమైనది. ఒకప్పటి రేసు డ్రైవర్లలో చాలామంది బెల్టును ఇష్టపడేవారు కారు. కారు బోల్తా పడినా, మంటలు లేచినా బయటికి విసిరివేయబడటమే మేలని వారి నమ్మకం. మనిషి శరీరాన్ని సరిగా కట్టి ఉంచితే అది అనుకున్నదానికంటే ఎంతో పెద్ద తాకిడిని తట్టుకోగలదని నిరూపించినవాడు అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ పాల్ స్టాప్. 1954 డిసెంబరు 10న ఆయన తానే రాకెట్ బండిలో కూర్చుని గంటకు 1000 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుని, సెకనున్నర లోపల ఆగిపోయాడు. ఆ క్షణాన ఆయన శరీరం మీద పడిన బలం భూమ్యాకర్షణకు 46 రెట్లు. కళ్లలో రక్తం చిమ్మి కొంతసేపు చూపు పోయింది గాని, ఆయన బతికాడు. చంపేది వేగం కాదనీ, పట్టు లేకుండా ఆగడమనీ తేలిపోయింది.

అయినా పందెపు మైదానాలు త్వరగా మారలేదు. 1966 జూన్ 12న బెల్జియంలోని స్పా ట్రాకు మీద వర్షంలో జాకీ స్టీవర్ట్ కారు అదుపు తప్పింది. పగిలిన ట్యాంకు నుంచి కారిన పెట్రోలులో నానుతూ ఆయన సుమారు 25 నిమిషాలు కారులోనే ఇరుక్కుపోయాడు. తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురంట్ ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానరు అడిగి తెచ్చి, స్టీరింగు విప్పి ఆయనను బయటికి తీశారు. ఆసుపత్రికి తీసుకువెళ్లే అంబులెన్సు దారి తప్పింది. ఆ తరువాత స్టీవర్ట్ తన కారులో ఎప్పుడూ ఒక స్పానరు ఉంచుకున్నాడు. పోటీలకు సొంతంగా వైద్యుడిని వెంటబెట్టుకున్నాడు. బెల్టులు, అంచు కంచెలు, వైద్య సదుపాయాల కోసం పోరాడి, పిరికివాడన్న నింద కూడా మోశాడు. ఆయన మూడుసార్లు ప్రపంచ విజేత అని గుర్తుంచుకుంటే ఆ నింద ఎంత అన్యాయమో తెలుస్తుంది.

స్టీవర్ట్‌ను కాపాడిన బాండ్యురంట్ మరుసటి ఏడాది తానే పెద్ద ప్రమాదంలో గాయపడ్డాడు. కోలుకుంటున్న కాలంలో డ్రైవింగు పాఠశాల పెట్టాలన్న ఆలోచన చేసి, 1968లో దానిని ఆరంభించాడు. వేగంగా నడపడం పుట్టుకతో వచ్చే సాహసం అనుకునే రోజుల్లో, అది క్రమంగా నేర్వవలసిన విద్య అని చాటిన తొలితరం పాఠశాలల్లో అదొకటి.

1978లో లండనుకు చెందిన మెదడు శస్త్రవైద్యుడు సిడ్ వాట్కిన్స్ ఫార్ములా వన్ పోటీల వైద్య బాధ్యత స్వీకరించాడు. అదే సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో రోనీ పీటర్సన్ కాళ్లు తీవ్రంగా విరిగాయి. అంబులెన్సు రావడంలో ఎంతో ఆలస్యం జరిగింది. మరునాడు ఆయన చనిపోయాడు. విరిగిన ఎముకల నుంచి కొవ్వు బిందువులు రక్తంలోకి చేరి, ముఖ్యావయవాలలో రక్తప్రసారాన్ని అడ్డుకోవడమే ఆ మరణానికి కారణం. వాట్కిన్స్ ఊరుకోలేదు. పోటీ మొదటి చుట్టులో కార్ల వెనుకనే వైద్యుడితో కూడిన వేగవంతమైన కారు వెళ్లాలని పట్టుబట్టాడు. ఆ ఆచారం నేటికీ ఉంది. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ కారు మంటల్లో చిక్కుకున్నప్పుడు క్షణాల్లో అక్కడికి చేరినది ఆ వైద్యుల కారే. గ్రోజాన్ చేతులకు కాలిన గాయాలతో బతికి బయటపడ్డాడు.

చివరి పాఠం మెడది. బెల్టు మొండేన్ని పట్టి ఉంచుతుంది, తలను పట్టదు. తల, హెల్మెట్ కలిసి సుమారు 6 కిలోలు అనుకుందాం. 50 రెట్ల తాకిడిలో అది 300 కిలోల బరువై మెడను ముందుకు లాగుతుంది. అప్పుడు కపాలం అడుగుభాగంలో ఎముక విరుగుతుంది. మెదడుకాండం, పెద్ద రక్తనాళాలు ఉండేది అక్కడే కనుక ఆ గాయం చాలాసార్లు ప్రాణాంతకం. 1981లో ఒక మిత్రుడు ఇలా మరణించడంతో అమెరికన్ రేసు డ్రైవరు జిమ్ డౌనింగ్ తన బావమరిది వరసైన ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్‌ను ఉపాయం అడిగాడు. భుజాల మీద కూర్చుని హెల్మెట్‌ను పట్టీలతో పట్టి ఉంచే ‘హ్యాన్స్’ అనే పరికరం అలా పుట్టింది. డ్రైవర్లు దాన్ని ఏళ్లపాటు అసౌకర్యమని పక్కన పెట్టారు. 1994 ఏప్రిల్ 30న ఇమోలాలో రోలండ్ రాట్జెన్‌బర్గర్, మరునాడే అక్కడే అయర్టన్ సెన్నా, 2001లో డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ మరణించిన తరువాతే లోకం కళ్లు తెరిచింది. ఫార్ములా వన్‌లో ఆ పరికరం 2003లో తప్పనిసరి అయింది. ఇమోలా విషాదం తరువాత వాట్కిన్స్ నాయకత్వంలో జరిగిన సంస్కరణల ఫలితంగా 20 ఏళ్లపాటు ఫార్ములా వన్ పోటీల్లో ఏ డ్రైవరూ ప్రాణాంతక ప్రమాదానికి గురికాలేదు.

ఇప్పుడు కొత్తగా ట్రాకు మీదికి వెళ్లేవారు ఈ చరిత్రను ఆచరణలో పెట్టుకోవాలి. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. కనుక మొదటి చుట్లు నెమ్మదిగా తిరిగి, టైర్లను వేడెక్కనిచ్చి, మలుపులు గుర్తుపెట్టుకోవాలి. మలుపుకు ముందే, కారు తిన్నగా ఉండగానే బ్రేకు వేయాలి. చూపు బానెట్ మీద కాక, వెళ్లవలసిన దిక్కున ఉండాలి. చేతులు కళ్లను అనుసరిస్తాయి. పసుపు జెండా ముందున్న ప్రమాదానికి సూచన, అక్కడ ఎవరినీ దాటకూడదు. ఎర్రజెండా కనిపిస్తే వేగం తగ్గించి, ట్రాకు దిశలోనే నెమ్మదిగా పిట్స్‌కు చేరుకోవాలి. హ్యాన్స్ పరికరం రెండు భుజాల మీదుగా బిగించే రేసు బెల్టులతోనే పనిచేస్తుంది, మామూలు కారు బెల్టుతో కాదు.

శరీరాన్ని కూడా సిద్ధం చేసుకోవాలి. మన ఎండల్లో హెల్మెట్, మందపాటి దుస్తులతో కారులో కూర్చుంటే చెమట ధారగా పోతుంది. నీరు తగ్గితే దాహం కంటే ముందే ఏకాగ్రత సడలవచ్చు. ప్రతి విరామంలోను నీరు తాగాలి. నిద్రలేమితోను, మత్తు కలిగించే జలుబు మందులు వేసుకుని వెళ్లకూడదు. మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవారు, ఇన్సులిన్ వాడేవారు ముందుగా తమ వైద్యుడిని సంప్రదించాలి. అలసట అనిపించిన మరుక్షణం ఆపివేయాలి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు మన నగర వీధులే కొద్దిరోజులు ట్రాకు అయ్యాయి. అందుకోసం ఇరుప్రక్కలా గోడలు కట్టారు, రాకపోకలు ఆపారు, వైద్య బృందాలను నిలిపారు. పోటీ ముగిసి ఆ గోడలు తీసేశాక మిగిలింది మామూలు రోడ్డే. అక్కడ ఎదురుగా బడిపిల్లలు వస్తారు, ఆటోలు మలుగుతాయి. వెనుక వైద్యుడి కారు ఉండదు. వేగాన్ని నేర్చుకోవాలనుకునేవారు ట్రాకుకే వెళ్లాలి. అక్కడ నేర్చిన జాగ్రత్తను మాత్రం రోడ్డు మీదికి తెచ్చుకోవాలి.