చాకు మీది ముద్ర

పాత మిషన్ ఆవరణలో పునాదులు తవ్వుతున్నప్పుడో, మెటల్ డిటెక్టరుతో నేల వెదకుతున్నప్పుడో తుప్పు పట్టిన జేబు చాకు ఒకటి దొరికిందనుకొందాము. దాని మీద ఇంగ్లీషు అక్షరాలలో 'జర్మనీ' అని ఉంది. వెంటనే మనలో ఎవరో ఒకరు "ఇది ఫాదర్ హయ్యరుగారిదే!" అంటారు. శతవార్షిక ప్రదర్శనలో అద్దాల పెట్టెలో ఉంచి ఆ పేరుతో చీటీ అంటిస్తాము. జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793లో జన్మించి, చిన్న వయస్సులోనే అమెరికా వెళ్లి, 1842లో గుంటూరు చేరిన ఆ దైవజనుని మీద మనకున్న ప్రేమ అటువంటిది. అయితే ప్రేమ వేరు, సాక్ష్యము వేరు. ముందుగా చాకు చెప్పే మాట విందాము.

మొదట చేయకూడని పని, దానిని గట్టిగా గీకి మెరిపించడము. తుప్పుతో పాటు ముద్ర కూడా పోతుంది. కొంచెము నూనె రాసి, మెత్తని బ్రష్షుతో తుడవాలి. అలుగు పిడిలోనికి దిగే చోట సాధారణముగా ముద్ర ఉంటుంది.

జర్మనీ చాకులలో ఎక్కువ పేరు పొందినవి వుప్పర్ నది ప్రాంతములోని జోలింగెన్ పట్టణానివి. నీటి చక్రాలతో సానరాళ్లు త్రిప్పి అక్కడివారు తరతరాలుగా కత్తులు చేశారు. ఒక్కొక్క పనివానికి ఒక గుర్తు ఉండేది. పీటర్ హెంకెల్స్ 1731లో నమోదు చేయించిన కవలల గుర్తు నేటికీ వాడుకలో ఉంది. కాబట్టి గుర్తు చూచి ఎవరు చేశారో చెప్పవచ్చును గాని, ఎప్పుడు చేశారో చెప్పలేము.

కాలము చెప్పేవి మాటలు. పందొమ్మిదవ శతాబ్దములో జోలింగెన్ సరుకు కొంత ఇంగ్లాండులోని షెఫీల్డు పేరు వేసుకొని అమ్ముడుపోయింది. షెఫీల్డువారు మొరపెట్టుకొన్నారు. దానితో 1887లో బ్రిటిష్ పార్లమెంటు సరుకుల ముద్రల చట్టము చేసింది. 1889లో మన దేశములోను అటువంటి చట్టమే వచ్చింది. ఆ తరువాతనే జర్మనీ సరుకు మీద ఆ దేశము పేరు ఇంగ్లీషులో విరివిగా కనిపిస్తుంది. కొనేవారిని హెచ్చరించుటకు వేయించిన ఆ మాటే, సరుకు నాణ్యము పెరిగిన కొలది నమ్మకానికి గుర్తయినది. తుప్పు పట్టదని తెలిపే 'రోస్ట్‌ఫ్రై' అనే మాట ఉంటే, అది 1912లో క్రుప్ కంపెనీ అటువంటి ఉక్కుకు పేటెంటు కోరిన తరువాతి కాలానిది. 'పశ్చిమ జర్మనీ' అని ఉంటే 1949కి, 1990కి మధ్యదై ఉండాలి.

హయ్యరుగారు 1873లోనే ప్రభువునందు నిద్రించారు. కాబట్టి మనము అనుకొన్న చాకు ఆయనది కాదనుటే న్యాయము. మరి ఎవరిది? తరువాత వచ్చిన మిషనరీది కావచ్చును. బజారులో కొనుక్కొన్న ఒక ఉపదేశిది, వంటవానిది, బోర్డింగు స్కూలు పిల్లవానిది కావచ్చును. అంతమాత్రాన దాని విలువ తగ్గిందా? మన సంఘాలు దొరలు ఒక్కరే కట్టినవి కావు. ఎండలో కాలినడకన పల్లెలు తిరిగిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు కట్టినవి. వారిలో అనేకుల పేర్లు ఏ రిజిస్టరులోను లేవు.

అందుచేత ఆ చీటీ మీద, "ఈ ఆవరణలో దొరికినది. 1887 తరువాతిదై ఉండవచ్చును. ఎవరిదో తెలియదు" అని వ్రాద్దాము. తెలిసి తెలిసి పెద్ద పేరు అంటిస్తే, షెఫీల్డు పేరు కొట్టి చాకులమ్మినవారికి, మనకు భేదమేమి? అబద్ధసాక్ష్యము వద్దన్న ఆజ్ఞ న్యాయస్థానానికే గాక, మన శతవార్షిక ప్రదర్శనకు కూడా వర్తిస్తుంది.