వెన్న మారినప్పుడు ఉప్పు లెక్క

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడిలో పండిన పత్తికి దూది ఒక ఫలము, గింజ మరియొక ఫలము. దూది మిల్లులకు పోయినను, గింజ గేదెల దాణాలోనికి చేరెడిది. ఆ పాలనుండి తీసిన వెన్నను మన ఇల్లాండ్రు మజ్జిగలోనో నీటిలోనో ఉంచి, కొలది దినములలోనే కాచి నేయి చేసెడివారు. కావున నిలువ కొరకు ఉప్పుతో పని లేకపోయెను. జంతికల పిండిలో వెన్న కలిపినను ఉప్పును వేరుగనే వేసెడివారు.

ఐరోపావాసుల ఆచారము వేరు. వెన్న చెడకుండుటకై వారు దానిలోనే ఉప్పు కలిపిరి. ఆంగ్లేయుల కాలమున మన పట్టణములు ఎరిగిన అంగడి వెన్న అట్టిదే. 1946లో ఆణంద్‌లో ఏర్పడిన పాల సహకార సంఘము తొలుత ఉప్పులేని వెన్నను అమ్మజూపగా, పోల్సన్ వెన్న రుచి మరిగిన జనులకు అది చప్పగా తోచెను. తుదకు ఆ సంఘమునకును ఉప్పు కలుపక తప్పలేదు.

అంతకు ముందే పత్తిగింజ మరియొక దారి పట్టినది. 1911లో అమెరికాలో ఆ గింజల నూనెను ఉదజని వాయువుతో గడ్డకట్టించి 'క్రిస్కో' అను పేర అమ్మిరి. మన దేశమున 1937లో 'డాల్డా' వచ్చెను. ఈ కొవ్వులలో ఉప్పు లేదు, నీరును లేదు.

ఈ సంగతి మరచి, మేమొకసారి అంగడి వెన్నకు బదులు వనస్పతి వేయించి, చప్పని బిస్కత్తులు తినవలసి వచ్చినది. అంగడి వెన్న 100 గ్రాములలో సుమారు 2 గ్రాముల ఉప్పు, 16 గ్రాముల నీరు ఉండును. దానికి బదులు 80 గ్రాముల వనస్పతి, ఒక పెద్ద చెంచాడు పాలు, చిన్న చెంచాలో మూడవ వంతు ఉప్పు సరిపోవును. ఉప్పు కొవ్వులో కరగదు గనుక పాలలోనే కరగించి కలుపవలెను. ఇంటి వెన్న వాడినను ఉప్పు ఇంతయే చేర్చవలెను; నీటి భాగము అందులోనే కలదు. మార్గరీనులలో కొన్నిట ఉప్పు ముందే ఉండును. పొట్లముపై వ్రాసినది చూచి, ఆ మేరకు తగ్గింపవలెను.

ఇది నాలుక మాట మాత్రమే కాదు. పెద్దలకు రోజునకు 5 గ్రాములకు లోపు ఉప్పే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రక్తపుపోటు గలవారికి బిస్కత్తులో దాగిన ఉప్పును లెక్కయే. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు గుండెకు హాని గనుక, 2022 నుండి మన దేశమున దానికి నూటికి 2 పాళ్ల హద్దు విధించిరి.

చినగంజాము ఉప్పు మళ్లు మన తీరముననే కలవు. 1930లో ఆ ఉప్పు కొరకే దేవరంపాడు శిబిరమువారు చట్టమును ధిక్కరించిరి. అట్టి ఉప్పును చిటికెడైనను ఎరిగి వాడుదము.