శిశుతరగతి గడపలో ప్రత్యేక బాలలు – ఒక చారిత్రక పరిశీలన

మన పాఠశాల ప్లాటినం జూబ్లీ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ప్రధానోపాధ్యాయురాలి నుండి వారు ఆశించినది బహుశా భవనాల చరిత్ర, ఉత్తీర్ణతా శాతాల చరిత్ర కావచ్చును. ఆ చరిత్రను నాకన్న బాగుగా చెప్పగల పెద్దలు ఇదే సంచికలో ఉన్నారు. నేను ఎంచుకున్నది మన ఆవరణలోని మిక్కిలి చిన్న గది. ప్రహరీ ప్రక్కన, వేపచెట్టు నీడలో ఉన్న శిశుతరగతి. ఇరవై మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయిని, ఒక ఆయా. అందరివలె నడవని, మాట్లాడని, వినని బిడ్డలు ఆ గదిలోనికి ఎట్లు వచ్చారు, వారితో మెలగడం మేము ఎవరి వద్ద నేర్చుకున్నాము అన్నదే నా విషయం.

చరిత్ర అన్నాక నిజం చెప్పవలె. మా మొదటి అధ్యాయం చేర్చుకొనుట గురించి కాదు, త్రిప్పి పంపుట గురించి. నేను ఇక్కడ ఉపాధ్యాయినిగా చేరిన తొలి సంవత్సరాలలో, ఒక జూన్ ఉదయం, ఒక అవ్వ నాలుగేళ్ళ మనుమరాలిని చంకనెత్తుకొని వచ్చింది. మదనపల్లి వైపు నుండి కట్టడం పనులకు వచ్చిన కుటుంబం. బిడ్డ కాళ్ళు కత్తెరవలె బిగుసుకొని ఉన్నాయి; మెడ నిలిచినది కాని నడుము నిలువలేదు. కళ్ళు మాత్రం గోడమీది బొమ్మలను ఒకటొకటిగా చూసుకుంటూ పోతున్నాయి. అప్పటికి తరగతిలో నలభై మంది పిల్లలు. నా చేతిలో బి.ఎడ్. పట్టా ఉన్నది, అందులో అటువంటి పిల్లలను గురించి మేము చదివినది అర అధ్యాయం. ఈ బిడ్డకు వేరే బడులున్నవని చెప్పి, ఒక కాగితంపై చిరునామా వ్రాసి ఇచ్చాను. చదువురాని ఆ అవ్వకు కాగితమిచ్చి పంపడం నాకప్పుడు మర్యాదగానే తోచింది. రెండు బస్సులు మారితే తప్ప చేరలేని చోటు అది. వారు అక్కడికి వెళ్ళనే లేదని తరువాత ఇరుగుపొరుగు వారు చెప్పారు. కట్టడం పూర్తికాగానే ఆ కుటుంబం ఊరు మారిపోయినది.

ఆ బిడ్డకు మా తరగతిలో చోటు లేదని నేను అనుకున్నాను. నిజానికి మా తరగతి పుట్టినదే అటువంటి బిడ్డల నుండి. ఇది అతిశయోక్తి కాదు. 1800 సంవత్సరంలో ఫ్రాన్సు దేశపు అవేరాన్ ప్రాంతంలో అడవిలో పెరిగిన మాటరాని బాలుడొకడు దొరికినప్పుడు, పారిస్‌లోని బధిర విద్యాలయ వైద్యుడైన ఇటార్ అతనికి కన్ను, చెవి, చేయి ద్వారా చదువు చెప్పడానికి సంవత్సరాల తరబడి ప్రయత్నించాడు. అతని శిష్యుడు సెగాన్ ఆ పద్ధతిని పెంచి, బుద్ధి వికాసం మందగించిన పిల్లల కోసం పరికరాలు తయారుచేశాడు. వారిరువురి గ్రంథాలను చదివి, రోములో అటువంటి పిల్లలతో పనిచేసిన పిదపనే డాక్టర్ మరియా మాంటిసోరి 1907లో సాన్ లొరెంజో పేదవాడలో తన శిశుగృహాన్ని తెరిచింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా 1946 వరకు ఈ దేశంలోనే ఉండిపోయి, ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చినది. గరుకు కాగితపు అక్షరాలు, మెట్లు మెట్లుగా పేర్చే కొయ్యముక్కలు అన్నీ ఆ దారినే మన శిశుతరగతులకు వచ్చాయి. మన వీధిబడిలో పంతులుగారు ఇసుకపై బిడ్డ వేలు పట్టి ఓనమాలు దిద్దించినదీ ఇంచుమించు ఇదే సూత్రం. స్పర్శతో నేర్చుకొనే చదువు ప్రత్యేక బాలలదే అని మేము అనుకున్నంత కాలమూ, మామూలు పిల్లలకు చెబుతున్నది అదేనన్న సంగతి మాకు తట్టలేదు.

మన బెంగళూరు ఈ విషయంలో వెనుకబడిన నగరమేమీ కాదు. తానే శారీరక వైకల్యం కలిగిన ఎన్.ఎస్. హేమగారు 1959లో స్థాపించిన సంఘం లింగరాజపురంలో నేటికీ పనిచేస్తున్నది. 1972లో బొంబాయిలో మిథూ అలూర్‌గారు, మెదడు పక్షవాతం గల తన కుమార్తె వంటి పిల్లలకు చదువును, చికిత్సను ఒకే కప్పు క్రిందికి తెచ్చారు. 1980 దశకపు ఆరంభంలో అటువంటి సంస్థయే కర్ణాటక స్పాస్టిక్స్ సొసైటీ పేరిట ఇందిరానగరంలో వెలసినది. 1974లో రూపొందిన నిమ్హాన్స్ ఉన్నది. మైసూరులో వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. చెవిటి బిడ్డతోపాటు తల్లినీ తరగతిలో కూర్చోబెట్టి, ఆమెనే గురువుగా తీర్చిదిద్దే అక్కడి పద్ధతిని నేను మిక్కిలి గౌరవిస్తాను. తెలుగు వారికి మరొక అండ 1984లో సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో వెలసిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ. దాని పేరు ఇటీవల మారినది.

అయితే సంస్థలు పెద్దవి, దూరం. వానిలో ఉన్న విద్య మా ఇరవై మంది గదికి చేరవలెనంటే చేతికి అందే సాధనం కావలె. అట్టివి రెండు మాకు ఉపకరించాయి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు పోర్టేజ్ పట్టణంలో 1969లో ఒక పథకం మొదలైనది. పల్లెలు దూరదూరంగా ఉన్నందున బిడ్డను కేంద్రానికి రప్పించక, వారానికొకసారి కార్యకర్తయే ఇంటికి వెళ్ళి, ఆ వారానికి చిన్న పని ఒకటి తల్లికి నేర్పి వచ్చేది. రెండవది 1975లో మద్రాసులో జయచంద్రన్, విమల గార్లు రూపొందించిన వికాస పట్టిక. పద్దెనిమిది విభాగాలు, ఒక్కొక్కదానిలో ఇరవై నైపుణ్యాలు, మొత్తం 360. సులభమైనది మొదట, కష్టమైనది చివర. ఆ పట్టికలో నాకు నచ్చినది దాని భాష. ‘చేయలేడు’ అన్న మాటతో అది మొదలుకాదు. ‘తిన్నప్పుడు చెంచా పట్టుకుంటాడు’ అని వ్రాసి ఉంటుంది. పట్టుకుంటే ఒక గుర్తు, లేకుంటే అదే రేపటి పాఠం.

ఇంతకూ మా గదిలో జరిగేది ఏమిటి? చెబితే చాలా స్వల్పంగా కనబడుతుంది. నడుము నిలువని బిడ్డకు రెండు పలకలు మూలగా కలిపిన కుర్చీ ఒకటి విరిగిన బెంచీ కొయ్యతో మన వడ్రంగి చేసి ఇచ్చాడు. పాదాలు గాలిలో వ్రేలాడకుండ క్రింద ఒక పీట. పిడికిలి సరిగా మూసుకోని బిడ్డ చెంచా పిడికి సైకిలు ట్యూబు చుట్టాము. వినికిడి తక్కువైన బిడ్డ ముందు వరుసలో, ఉపాధ్యాయిని ముఖం మీద వెలుగు పడే వైపు కూర్చుంటుంది. కిటికీకి వీపు పెట్టి పాఠం చెప్పరాదని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము. మార్పును సహించలేని బిడ్డ కోసం దారానికి ఏడు బొమ్మలు కట్టాము: చేతులు కడుగుకోవడం, పాట, ఆట, అన్నం, నిద్ర, చెప్పులు, ఇల్లు. పని పూర్తికాగానే బిడ్డయే ఆ బొమ్మను వెనుకకు త్రిప్పుతాడు. ఈ దారం ఒక్కరికోసం కట్టినది. నెల తిరిగేసరికి ఇరవై మందీ దాని ముందు నిలబడి ‘అన్నం ఎప్పుడు’ అని చూసుకొనసాగారు.

చొక్కా విప్పడం నేర్పవలెనంటే మొదటి గుండీ నుండి ప్రారంభించరాదు. తొమ్మిది వంతులు మనమే చేసి, చివరి చేతిని లాగడం మాత్రం బిడ్డకు విడిచిపెట్టవలె. పని ముగించిన సంతోషం ప్రతిదినం బిడ్డదే అవుతుంది. తరువాత చివరి రెండు మెట్లు, ఆపై మూడు. ఈ వెనుకనుండి నేర్పే పద్ధతిని పుస్తకంలో చదివి నేను వివరించబోతే, మా ఆయా నవ్వి, తన బిడ్డలకు స్నానం చేయడం తాను అట్లే నేర్పానన్నది. మా గదిలో పాండిత్యం ఎవరిదో ఆ దినం నాకు కొంత సందేహం కలిగినది.

ఇక తెలుగు పాఠశాలగా మనకు ముఖ్యమైన సంగతి. కొన్ని సంవత్సరాల క్రిందట మూడున్నరేళ్ళ బాలుడొకడు చేరినాడు. మాట లేదు, పిలిస్తే చూడడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ప్రక్కవాటాలో తమిళం. నగరంలో ఒక నిపుణుడు తల్లికి సలహా ఇచ్చాడు: బిడ్డ తికమకపడుతున్నాడు, ఇకపై ఒకే భాష మాట్లాడండి, అదీ ఇంగ్లీషు. ఆ తల్లికి వచ్చిన ఇంగ్లీషు ఇరవై మాటలు. ఆ మాటలు అయిపోగానే ఆమె నోరు మూసుకున్నది. పాటలేదు, కథలేదు, కోపం కూడా లేదు. పది నెలలు ఆ ఇంట్లో ఆ బిడ్డతో ఎవరూ నోరారా మాట్లాడలేదని ఆమె మా గడప మీద కూర్చొని ఏడ్చినది.

సలహా సదుద్దేశంతో ఇచ్చినదే కావచ్చును. ఆధారం మాత్రం బలహీనం. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలపై కెనడాలో జరిగి 2005లో వెలువడిన పరిశోధనలో, రెండు భాషలు వింటూ పెరిగినవారు ఒకే భాష వినే అటువంటి పిల్లలకన్న వెనుకబడలేదని తేలినది. ఆటిజం గల పిల్లల విషయంలోను తరువాతి అధ్యయనాలు ఇంచుమించు ఇదే చెబుతున్నాయి. నేను ఆమెతో చెప్పినది ఒకటే: మీకు వచ్చిన భాషలో మాట్లాడండి, మేమూ అదే మాట్లాడుతాము. మా ఆయా రోజూ వాని చేతులు కడుగుతూ చందమామ పాట పాడి, చివరి మాట దగ్గర ఆగి ఎదురుచూసేది. ఏడు వారాలు వాడు ఆ మాట అనలేదు. ఎనిమిదవ వారంలో, ఆమె ఆగినచోట, నీళ్ళకేసి చూస్తూ అన్నాడు. వాడు వక్త కాలేదు. నేడు పెద్ద తరగతిలో ఉండి తక్కువే మాట్లాడతాడు. కాని తల్లితో తగాదా పడతాడు, తెలుగులో.

అన్నీ ఇట్లే సాగాయనుకోవద్దు. తోటి పిల్లలను కొరికే బిడ్డ ఒకనిని మేము నిలుపుకొనలేకపోయాము. శబ్దం మితిమీరినప్పుడే కొరుకుతున్నాడని మేము కనిపెట్టేసరికి నాలుగు నెలలు పట్టినది. అప్పటికే ఇతర తల్లిదండ్రులు ముగ్గురు అర్జీ వ్రాశారు, ఆ తల్లి మాతో మాట్లాడకుండానే బిడ్డను మాన్పించినది. అర్జీ వ్రాసినవారిని నేను తప్పుపట్టను, వారి బిడ్డల చేతులపై గాట్లు నేనూ చూశాను. అయితే ‘మా అమ్మాయి కూడా వానిని చూసి మాటలు మానేస్తుందేమో’ అన్న భయం వేరు. మాటలు అంటువ్యాధివలె పోవు. ఆ అమ్మాయి నేర్చుకొనేది ఎదుటివాడు జవాబు చెప్పేవరకు ఆగడం. మరొక ఇబ్బంది ఇంటి పెద్దల నుండి వస్తుంది: ‘వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే నోరు వచ్చిందిలే.’ కొన్నిచోట్ల అది నిజమే. కాని చెవి పరీక్షకు ఒక్క పూట చాలు. ఎదురుచూపుకు సంవత్సరాలు పోతాయి.

ప్రభుత్వ చట్టాలను చూస్తే ఒక వింత కనబడుతుంది. 1974 నుండి మామూలు బడులలో వికలాంగ బాలల చదువుకు కేంద్ర పథకం ఉన్నది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకులలో అంగన్‌వాడీలు మొదలైనప్పుడు కర్ణాటకలో ఎంపికైనది టి. నరసీపురం. 1995 చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడు; 2016 చట్టంలో అవి ఇరవై ఒకటి. 2013 నుండి వైద్యబృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల ఎదుగుదలను పరీక్షిస్తున్నాయి. 2023 నవంబరులో దివ్యాంగ శిశువుల కోసం అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఇవన్నీ మేలైనవే. కాని విద్యాహక్కు చట్టం ఆరవ ఏట మొదలవుతుంది, 2016 చట్టం వాగ్దానం చేసిన ఉచిత విద్యయూ ఆరవ ఏటనే. మెదడు మైనంవలె మెత్తగా ఉండే మూడు, నాలుగు, ఐదవ ఏడులు బిడ్డకు హక్కుగా కాక, ఎవరో ఒకరి దయగా మిగిలిపోతున్నాయి. ఆ దయ చూపవలసిన చోట నేను కాగితమిచ్చి పంపినదాన్ని గనుక ఈ మాట గట్టిగా అనగలను.

రాబోయే జూన్‌కు శిశుతరగతి నమోదు పుస్తకంలో అటువంటి పేర్లు రెండు ఉన్నాయి. ఒక పాపకు వినికిడి యంత్రం ఉన్నది. మరొక పాప చేతికర్ర పట్టుకొని నడుస్తుంది. మరుగుదొడ్డి ముందున్న ఆరంగుళాల మెట్టు ఆమెకు ఎక్కరానిది. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకొని పోయినాడు. మెట్టు తీసి వాలు కట్టి, ప్రక్కన ఇనుప కడ్డీ అమర్చడానికి రెండు దినాల పని అన్నాడు. వేసవి సెలవులలో చేయించవలె.